బొచ్చుకుక్క కొంటున్నారా? ముందు దాని రూపం, గుణం తెలుసుకోండి

ఇప్పుడు చాలా ఊళ్లలో వీధికొకటి అన్నట్టు తెల్లగా, బొచ్చుగా ఉండే చిన్న కుక్క కనిపిస్తోంది. ఏం కుక్క అని అడిగితే 'పామేరియన్' అంటారు. పిల్లలు మారాం చేస్తే కొన్నవాళ్లు కొందరు. పట్నంలో ఉండే బంధువులు సాకలేక ఇచ్చిపోతే పెంచుకుంటున్నవాళ్లు మరికొందరు. తెచ్చిన మూడు నాలుగు నెలలకే "ఊరికే మొరుగుతోందండీ, ముట్టుకుంటే కరవబోతోంది, ఎండకు ఆగడం లేదు" అంటూ పశువైద్యశాలకు పట్టుకొచ్చేవాళ్లూ ఉన్నారు. ఇందులో కుక్క తప్పేమీ లేదు. అది చూడ్డానికి బొమ్మలా ఉంటుంది గానీ పుట్టుకతో కాపలా కుక్క. అదీ రైతుల ఇంటి కాపలా కుక్క. ఈ సంగతి తెలిసి పెంచితే ఇంటిల్లిపాదికీ తోడుగా ఉంటుంది. తెలియక పెంచితే డబ్బుపోయి శని పట్టినట్టవుతుంది.

ఎకరం, రెండెకరాల రైతు వేల రూపాయలు పోసి ఒక జీవాన్ని ఇంటికి తెచ్చుకునేటప్పుడు గేదెను కొన్నంత జాగ్రత్తగానూ చూసుకోవాలి. పళ్లు చూడకుండా, పూటపాలు పితికి చూడకుండా గేదెను కొంటామా? కుక్కపిల్ల దగ్గరకు వచ్చేసరికి మాత్రం బొచ్చు చూసి మురిసిపోయి అడిగినంతా ఇచ్చేస్తున్నాం.

పెంటకుప్ప మీది కాపలాదారు

యూరప్‌లో బాల్టిక్ సముద్రం ఒడ్డున పొమరేనియా అనే ప్రాంతం ఉంది. ఇప్పుడు అందులో ఎక్కువ భాగం పోలండ్‌లోనూ, కొంత జర్మనీలోనూ ఉంది. పొమరేనియన్ అనే పేరు అక్కడి నుంచి వచ్చిందే. మన నోట్లో అది 'పామేరియన్' అయింది. ఈ కుక్కలు 'స్పిట్జ్' అనే పెద్ద కుటుంబానికి చెందినవి. జర్మన్ భాషలో ఆ మాటకు మొనదేలినది అని అర్థం. మూతి మొనదేలి, చెవులు నిక్కబొడుచుకుని ఉంటాయి కనుక ఆ పేరు పెట్టారు.

జర్మనీ పల్లెల్లో రైతులు వీటిని ఇంటి ముందు, దొడ్లో, ద్రాక్ష తోటల్లో కాపలాకు పెట్టుకునేవారు. సరుకుల బండ్లు తోలేవాళ్లు బండి మీద కూర్చోబెట్టుకుని పోయేవారు. బండివాడు పూటకూళ్ల ఇంట్లో తింటుంటే బండి మీది కుక్క ఎవరినీ దరి చేరనిచ్చేది కాదు. అక్కడి జనం దీనికి పెట్టిన ముద్దుపేర్లలో ఒకటి వింటే మనకు నవ్వొస్తుంది. పెంటకుప్ప మీద నిలబడి మొరిగేది అని దాని అర్థం. దొడ్లో అన్నిటికంటే ఎత్తయిన చోటు పెంటకుప్పే కదా. దాని మీదికెక్కి నాలుగు దిక్కులా చూసి, కొత్త మనిషి కనిపిస్తే చాలు ఊరంతా వినిపించేట్టు మొరిగేది. వేట మీద దీనికి ధ్యాస తక్కువ. కుందేలు వెంట పడి పొలాలు దాటిపోదు. ఇంటిని వదలదు, కొత్తవాళ్లను నమ్మదు. రైతుకు కావలసిందీ అదే. ఈ రెండు గుణాలూ ఇవాళ్టికీ దాని రక్తంలో ఉన్నాయి.

రాజుల కోటల్లోకి ఇది తరువాత చేరింది. ఇంగ్లండు రాజు మూడో జార్జి భార్య షార్లెట్ రాణి 1767లో రెండు పొమరేనియన్లను తెప్పించుకుంది. అప్పట్లో ఇవి ఇప్పటికంటే చాలా పెద్దవి. 1888లో విక్టోరియా రాణి ఇటలీలోని ఫ్లారెన్స్ నుంచి 'మార్కో' అనే చిన్న కుక్కను తెచ్చుకుంది. అది సుమారు ఐదున్నర కిలోలు ఉండేది. రాణిగారు మెచ్చింది కదా అని చిన్నవాటికి గిరాకీ పెరిగింది. పెంపకందారులు చిన్నదాన్ని చిన్నదానితోనే కట్టిస్తూ పోయి ఇంకా చిన్నవి చేశారు. అలా కుక్క ఒళ్లు తగ్గింది గానీ గొంతు, పౌరుషం తగ్గలేదు.

మన దేశానికి ఆంగ్లేయుల కాలంలో జర్మన్ స్పిట్జ్ కుక్కలు వచ్చాయి. ఇక్కడి ఎండకు, తిండికి తట్టుకున్నవి మిగిలి, తరతరాలుగా ఇక్కడే ఈని ఒక రకంగా నిలబడ్డాయి. దీన్నే ఇండియన్ స్పిట్జ్ అంటారు. పై దేశాల నుంచి కుక్కలను తెప్పించుకోవడం కష్టమైన రోజుల్లో మధ్యతరగతి ఇళ్లలో ఇది బాగా వ్యాపించింది. 1994లో వచ్చిన 'హమ్ ఆప్‌కే హై కౌన్' హిందీ సినిమా 'ప్రేమాలయం' పేరుతో తెలుగులోనూ ఆడింది. అందులో టఫీ అనే తెల్లకుక్క ఈ రకమే. ఆ సినిమా తరువాత ఎన్ని ఇళ్లలో కుక్కలకు టఫీ అని పేరు పెట్టారో లెక్కలేదు.

మీరు కొనేది ఏది?

అసలు విషయం ఇక్కడే ఉంది. మన పల్లెల్లో, చిన్న పట్నాల్లో 'పామేరియన్' అని పిలుస్తున్న తెల్లకుక్కల్లో చాలా వరకు ఇండియన్ స్పిట్జ్‌లే. రెండూ దూరపు చుట్టాలు. చూపుకు ఒకేలా ఉంటాయి. ధరలో మాత్రం చాలా తేడా. స్పిట్జ్ పిల్లను చూపి పొమరేనియన్ ధర అడిగితే మోసపోయేది మీరే.

కొలతతో చూస్తే తేడా సులభంగా తెలుస్తుంది. అసలు పొమరేనియన్ భుజం దగ్గర 18 నుంచి 24 సెం.మీ. ఎత్తు, అంటే జానెడు ఉంటుంది. ఎదిగిన కుక్క బరువు ఒకటిన్నర నుంచి మూడున్నర కిలోలు. ఎదిగిన నాటుకోడి పుంజంత బరువు అన్నమాట. ఇండియన్ స్పిట్జ్‌లో చిన్నరకం 5 నుంచి 7 కిలోలు తూగుతుంది. పెద్దరకం 12 నుంచి 20 కిలోల దాకా పెరిగి మూరెడు ఎత్తుకు దగ్గరగా వస్తుంది. కాబట్టి ఎదిగిన కుక్క పది కిలోలు దాటిందంటే అది పొమరేనియన్ కాదని వేరే చెప్పనక్కర్లేదు.

ముఖం చూడండి. పొమరేనియన్‌కు మూతి పొట్టిగా, తల గుండ్రంగా ఉంటుంది. చెవులు చాలా చిన్నవి, బొచ్చులో కొసలు మాత్రమే కనిపిస్తాయి. స్పిట్జ్ మూతి నక్క మూతిలా సన్నగా పొడుగ్గా ఉంటుంది. చెవులు పెద్దవి, నిటారుగా నిలబడి దూరం నుంచే కనిపిస్తాయి. రెండిటికీ తోక వెనక్కు తిరిగి వీపు మీద విసనకర్రలా పరుచుకుంటుంది. పొమరేనియన్ బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. లోపల దూదిలాంటి మెత్తటి పొర, పైన నిగిడిన పొడుగు వెంట్రుకలు. అందుకే అది ఒళ్లంతా ఉబ్బినట్టు బంతిలా కనిపిస్తుంది. స్పిట్జ్ బొచ్చు అంత దట్టంగా ఉండదు, కాస్త అణిగి ఉంటుంది. ఇక రంగు. పొమరేనియన్లలో ఎక్కువగా కనిపించేది నారింజ రంగు. నలుపు, గోధుమ, మీగడ రంగు, తెలుపు కూడా ఉన్నాయి. స్పిట్జ్ చాలా వరకు తెలుపే. గోధుమ, నలుపు రంగులవి అరుదు. "తెల్లగా ఉంది కాబట్టి అసలు పామేరియన్" అని అమ్మేవాడు చెప్పే మాటకు అర్థం లేదు.

చిక్కేమిటంటే నెల రోజుల పిల్లలప్పుడు రెండూ దూది ఉండల్లాగే ఉంటాయి. అప్పుడు పిల్లను చూసి ఎవరూ చెప్పలేరు. అందుకని తల్లిని చూపించమని అడగండి. కుదిరితే తండ్రిని కూడా. తల్లిని చూపించను, సంతకు తెచ్చిన బుట్టలోనే ఏరుకోమంటే ఆ బేరం వదిలేయడం మంచిది. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మకూడదు. పాలు మరవని 25, 30 రోజుల పిల్లను తెస్తే విరేచనాలు పట్టుకుని వారంలోపే పోయే ప్రమాదం ఉంది. 'టీకప్పు కుక్క' అని ఇంకా చిన్నవాటిని ఇంకా ఎక్కువ ధరకు అమ్మేవాళ్లూ ఉన్నారు. అలాంటి జాతి వేరే లేదు. ఎదుగుదల లేని పిల్లకు పెట్టిన గొప్ప పేరు అంతే.

నాలుగైదు నెలల వయసులో పిల్లబొచ్చు ఊడిపోయి కుక్క పీకిన కోడిలా తయారవుతుంది. చర్మరోగమని కంగారుపడి పసరు మందులు, గంధకం పూయకండి. చర్మం ఎర్రబడి దురద పెడుతుంటే తప్ప అది సహజమే. మళ్లీ కొత్త బొచ్చు వస్తుంది.

మా సలహా అడిగితే పల్లెటూరి ఇంటికి ఇండియన్ స్పిట్జే నయం. ధర తక్కువ, ఎండకు కొంత ఆగుతుంది, ఎముక గట్టిది. రెండు కిలోల పొమరేనియన్ మంచం మీది నుంచి దూకినా కాలు విరగవచ్చు. దూడలు, బండ్లు, పిల్లలు తిరిగే వాకిట్లో దానికి రక్షణ కష్టం.

మొరగడం దాని వృత్తి

రూపం సంగతి అలా ఉంచితే, కొన్నవాళ్లను తిప్పలు పెట్టేది గుణం. పోస్టుమాన్ వచ్చినా, పక్కింటి తలుపు చప్పుడైనా, ఎదురుగా గొర్రెల మంద పోతున్నా మొరుగుతుంది. పెంటకుప్ప మీది కాపలాదారని చెప్పుకున్నాం కదా, అది తన పని చేస్తోందంతే. మొరిగినప్పుడు మీరు ఇంట్లోంచి గట్టిగా అరిస్తే "యజమాని కూడా నాతోపాటు మొరుగుతున్నాడు" అనుకుని ఇంకా రెచ్చిపోతుంది. కర్రతో కొడితే మొరగడం మానకపోగా కర్ర పట్టిన ప్రతి మనిషినీ కరవడం నేర్చుకుంటుంది. దగ్గరకు వెళ్లి, వచ్చిందెవరో చూసి, నెమ్మదిగా "చాలు" అనండి. ఆగిన క్షణంలోనే చిన్న గుడ్డు ముక్కో, రొట్టె ముక్కో పెట్టండి. ఇంట్లో అందరూ ఇదే మాట, ఇదే పద్ధతి వాడితే కొద్ది వారాల్లో దారికొస్తుంది. ఒకరు ముద్దుచేసి, ఒకరు తంతే ఎప్పటికీ రాదు.

మొరిగే కుక్క కరవదు అని సామెత. ఈ కుక్క విషయంలో దాన్ని నమ్ముకోవద్దు. ఇది మొరుగుతుంది, అవసరమనుకుంటే కరుస్తుంది కూడా.

ఇంకొక సంగతి. హెచ్చరించడం వేరు, అడ్డుకోవడం వేరు. రాత్రి ఎవరైనా గోడ దూకితే నిద్ర లేపుతుంది, అంతవరకు దీన్ని మించింది లేదు. కానీ ఆరు కిలోల కుక్క దొంగను ఆపలేదు. మోటారు దగ్గర, కళ్లం దగ్గర కాపలాకు తీసుకుపోతే అడవి పందికో, పాముకో బలవుతుంది. ఆ పనికి మన ఊరకుక్క పిల్లనే చేరదీసి, టీకాలు వేయించి పెంచుకోండి. కోతుల బెడదకు విరుగుడని దీన్ని కొంటున్నవాళ్లున్నారు. ఒంటరి కోతిని బెదిరిస్తుందేమో గానీ గుంపు తిరగబడితే చీల్చేస్తాయి. చిక్కేమిటంటే తాను చిన్నదన్న సంగతి ఈ కుక్కకు తెలియదు. ఈనిన గేదె ముందుకు, వీధికుక్కల గుంపు మధ్యకు కూడా మీసం మెలేసినట్టు పోతుంది. కొట్టంలోకి ఒంటరిగా వదలకపోవడమే మేలు.

ఒకరికే కట్టుబడే గుణం

ఇంట్లో ఆరుగురున్నా ఇది ఒకరిని తన మనిషిగా ఎంచుకుంటుంది. చాలా ఇళ్లలో అది తిండి పెట్టే ఇల్లాలో, రోజంతా ఇంటి దగ్గరుండే ముసలమ్మో అవుతుంది. ఆ మనిషి ఏ గదిలోకి పోతే ఆ గదిలోకి పోతుంది. ఆమె పక్కన మనవడు కూర్చున్నా మధ్యలో దూరుతుంది, గుర్రుమంటుంది. ఇది ప్రేమే, కానీ ముదిరితే కాటు దాకా పోతుంది. మొదటి నుంచీ ఇంట్లో అందరి చేతా వంతులవారీగా తిండి పెట్టించండి. గుర్రుమన్నప్పుడు ఒళ్లోంచి దించి కిందపెట్టండి. కొట్టాల్సిన పనిలేదు, దానికి ఆ శిక్ష చాలు.

ఇదే గుణం వల్ల ఒంటరితనాన్ని అసలు ఓర్చుకోలేదు. భార్యాభర్తలిద్దరూ పొద్దున ఏడింటికి కూలికో, పొలానికో పోయి, పిల్లలు బడికి పోయి, సాయంత్రం దాకా తలుపు వేసి ఉండే ఇంటికి ఈ కుక్క తగదు. గుంజకు కట్టేసి పోతే రోజంతా ఏడుస్తుంది, కాళ్లు నాక్కుని పుండ్లు చేసుకుంటుంది, సాయంత్రానికి పిచ్చిపట్టినట్టు ప్రతివాళ్ల మీదికీ ఎగబడుతుంది. వలస పోయే కుటుంబాలు కూడా ఆలోచించుకోవాలి. బాగా చూసుకుంటే పన్నెండు, పద్నాలుగేళ్లు బతుకుతుంది. ఆరో తరగతి పిల్లాడి మారాం మీద తెస్తే, వాడు పై చదువులకు హాస్టలుకు పోయాక కూడా దానికి అన్నం పెట్టాల్సింది మీరే.

పిల్లలతో ఎలా ఉంటుందని చాలామంది అడుగుతారు. ఎనిమిది, పదేళ్లు దాటి, చెప్పిన మాట వినే పిల్లలతో బాగానే కలుస్తుంది. ఐదేళ్లలోపు పసివాళ్ల దగ్గర మాత్రం పెద్దవాళ్లు లేకుండా వదలొద్దు. పసివాళ్లు బొచ్చు పట్టి లాగుతారు, ముందుకాళ్లు పట్టుకుని ఎత్తుతారు, నిద్రపోతుంటే మీద పడతారు. కుక్క కరవడానికి ముందు చెబుతుంది. ఒళ్లు బిగదీసుకుని కదలకుండా నిలబడుతుంది, చెవులు వెనక్కు వాలుస్తుంది, తల తిప్పి కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తుంది, పెదవి పైకెత్తుతుంది, గుర్రుమంటుంది. ఈ గుర్తులు పిల్లలకు నేర్పండి. గుర్రుమన్నందుకు కొట్టకండి. కొట్టి కొట్టి గుర్రుమనడం మాన్పిస్తే ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. తింటున్న కుక్క గిన్నెలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు.

తెలివికి లోటు లేదు. పేరు, "కూర్చో", "రా", దొడ్డికి పోయే చోటు త్వరగానే పట్టేస్తుంది. మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల లోకాన్ని తెలుసుకునే వయసు. ఆ రోజుల్లో కొత్త మనుషులను, ఎద్దులను, ట్రాక్టరు చప్పుడును, గొడుగును, కర్ర పట్టిన ముసలాయనను భయపెట్టకుండా చూపించండి. టీకాలు పూర్తికాక ముందు వీధిలో నేల మీద వదలకుండా చంకనెత్తుకుని చూపించవచ్చు. కోళ్లున్న ఇంట్లో పెరిగితే కోళ్ల జోలికి అంతగా పోదు. అయినా పిల్లకుక్క ఆటకే కోడిపిల్లను చంపేస్తుంది కాబట్టి మొదటి ఏడాది కనిపెట్టి ఉండాలి.

ఎండాకాలం, బొచ్చు, గోమార్లు

రోహిణి కార్తెలో మనకే ఊపిరాడదు. రెండు పొరల బొచ్చున్న కుక్క సంగతి చెప్పాలా? అలాగని చర్మం దాకా గొరగడం పొరపాటు. పైపొర ఎండను నేరుగా చర్మానికి తగలనివ్వదు. పొమరేనియన్లలో ఒకసారి గొరిగితే ఆ బొచ్చు మళ్లీ సరిగా రాకుండా పోవడమూ ఉంది. గొరగడానికి బదులు వారానికి రెండు మూడుసార్లు దువ్వి ఊడే బొచ్చు తీసేయండి. లోపలికి గాలి ఆడుతుంది. రేకుల కింద కట్టేయొద్దు. వేపచెట్టు నీడన తడిపిన గోనెపట్టా పరిచి, మట్టి మూకుడులో చల్లటి నీళ్లు పెట్టండి. తిప్పడం పొద్దు పొడిచేలోపు, పొద్దుగూకాక.

కుక్క గసపోస్తూ చొంగ కారుస్తూ తూలుతుంటే వడదెబ్బ. నీడకు చేర్చి, పొట్ట మీద, తొడల సందుల్లో, పాదాల మీద మామూలు నీళ్లు పోస్తూ గాలి విసరండి. ఐసు నీళ్లలో ముంచొద్దు. ఆ వెంటనే పశువైద్యశాలకు తీసుకుపోండి.

బొచ్చులో గోమార్లు, కొన్నిచోట్ల పిడుదులంటారు, దాక్కుంటే పైకి కనిపించవు. చెవుల లోపల, వేళ్ల సందుల్లో వెతకండి. వీటివల్ల కుక్కకు జ్వరం పట్టి రక్తం తగ్గిపోతుంది. పైరు మీద కొట్టే పురుగుమందు నీళ్లలో కలిపి కుక్కకు పూయడం ఇంకా కొన్ని ఊళ్లలో ఉంది. చేతులారా చంపుకోవడమే అది. ఒళ్లు నాక్కుంటుంది కాబట్టి మందు కడుపులోకి పోతుంది. గేదెలకు వాడే గోమార్ల మందు, ఇంజెక్షన్ కూడా అందాజుగా వాడొద్దు. నాలుగు వందల కిలోల గేదె మోతాదెక్కడ, ఆరు కిలోల కుక్క మోతాదెక్కడ? కుక్కలకని ఉన్న మందును బరువును బట్టి డాక్టరు చేతే వేయించాలి. పొలంలో ఎలుకలకు జింక్ ఫాస్ఫైడ్ ఎర పెట్టినప్పుడు, నారుమడిలో గుళికలు చల్లినప్పుడు కుక్కను ఆ వైపు పోనివ్వొద్దు.

తిండి

మజ్జిగన్నం ఒక్కదానితో కుక్క బతుకుతుంది గానీ బాగుండదు. అన్నంతోపాటు రోజూ ఉడికించిన గుడ్డు గానీ, కొద్దిగా కోడిమాంసం గానీ, ఉడికించిన పప్పు గానీ ఉండాలి. ఉప్పు, కారం, పచ్చడి వద్దు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కలకు విషంతో సమానం. ఉడికిన కోడి ఎముక చీలికలై గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. ముద్దు కొద్దీ మేపితే ఒళ్లు పెరిగి మోకాటి చిప్ప జారుతుంది, దగ్గు పట్టుకుంటుంది. ఈ జాతికి గొంతు గొట్టం సున్నితం కనుక మెడకు గొలుసు బిగించే కంటే ఎద చుట్టూ వేసే పట్టీ వాడడం మంచిది.

టీకాల దగ్గర పిసినారితనం వద్దు

కుక్కపిల్లలను ఎక్కువగా పొట్టన పెట్టుకునేది పార్వో జబ్బు. వాంతులు, కంపుకొట్టే రక్త విరేచనాలు పట్టుకుని రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది. కాబట్టి ఒక పిల్ల పార్వోతో చచ్చిన ఇంట్లోకి టీకా పడని మరో పిల్లను వెంటనే తేవద్దు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాలు నిండేదాకా ఈ టీకాలు వేయించాలి. అందులోనే ఎలుక మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు కూడా రక్షణ ఉండేది అడగండి. అది మనుషులకూ వచ్చే జబ్బు.

రేబిస్ టీకా మూడో నెలలో వేయించాలి. డాక్టరు చెప్పిన గడువుకు రెండోది, ఆ తరువాత ఏటా ఒకటి. "ఇంట్లోంచి కదలని కుక్కకు పిచ్చెందుకు పడుతుంది?" అంటారు. వాకిట్లోకి వచ్చిన పిచ్చికుక్క ఒక్క గాటు పెడితే చాలు. ఈ కుక్క దాని మీదికి పోయే రకమని పైన చెప్పుకున్నాం. జూలై 6న ప్రపంచ జూనోసిస్ దినం సందర్భంగా పశువైద్యశాలల్లో ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. సెప్టెంబరు 28 రేబిస్ దినం నాడు కూడా చాలాచోట్ల శిబిరాలు పెడతారు. మండల కేంద్రంలో ముందుగా కనుక్కోండి. వేయించిన కార్డు పాసుపుస్తకాల పక్కనే దాచుకోండి.

నులిపురుగుల మందు పెద్దకుక్కకు మూడు నెలలకోసారి పట్టించాలి. గొర్రెలు, మేకలు కోసినప్పుడు పచ్చి పేగులు, తలకాయ ముక్కలు కుక్కకు వేయొద్దు. అందులోని తిత్తులు కుక్క కడుపులో బద్దెపురుగులవుతాయి. దాని మలంతో గడ్డి మీదికి చేరిన గుడ్లు మేస్తే గొర్రెలకు తల వంచుకుని గుండ్రంగా తిరిగే జబ్బు వస్తుంది. గడ్డివామి, దాణా తొట్టి దగ్గర కుక్క మలవిసర్జన చేయకుండా చూసుకోవాలి.

పిల్లలు పెట్టించి అమ్ముకోవచ్చా?

ఈ ఆశతో ఆడపిల్లను కొనేవాళ్లకు ఒక మాట. అసలు పొమరేనియన్ ఈతకు ఒకటి నుంచి మూడు పిల్లలే పెడుతుంది. కటి చిన్నది కాబట్టి ఈనలేక ఆపరేషన్ అవసరమయ్యే సందర్భాలు ఎక్కువ. ఆ ఖర్చు పిల్లల ధరను మింగేస్తుంది. పిల్లలను అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలన్న నిబంధన కూడా ఉంది. గొర్రెపిల్లల్లా దీన్ని ఆదాయంగా లెక్కేసుకోవద్దు. పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ చేయిస్తే కుక్కకు గర్భసంచి జబ్బులూ రావు, ఎదకొచ్చినప్పుడు వాకిట్లో వీధికుక్కల గుంపూ ఉండదు. ఈనే కుక్క ఉంటే కట్టించిన తేదీ రాసిపెట్టుకోండి. 63 రోజుల అటూ ఇటూగా ఈనుతుంది. నొప్పులు గట్టిగా వస్తూ అరగంట, గంట గడిచినా పిల్ల బయటికి రాకపోతే చెయ్యి పెట్టి లాగకుండా డాక్టరు దగ్గరకు పట్టుకుపోండి.

కరిస్తే ఏం చేయాలి?

ఇంటి కుక్క కరిచినా, పళ్లు గీరుకున్నా, గాయం ఎంత చిన్నదైనా వెంటనే పారే నీళ్ల కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాల పాటు కడగాలి. కారం, సున్నం, పసుపు, ఆకు పసరు ఏవీ పెట్టకూడదు. కట్టు బిగించకూడదు. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. టీకా అక్కడ ఉచితం. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, 28వ రోజు వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ వేసే సీరం ఇంజెక్షన్ కూడా కావాలి, అది అడగండి. ఒకటి రెండు సూదులు పడగానే బాగానే ఉందని మానేయొద్దు. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడ్డాక మందు లేదు.

కరిచిన కుక్కను కొట్టి చంపొద్దు, ఊరవతల వదిలేయొద్దు. పది రోజులు కట్టేసి, తిండీ నీళ్లూ పెడుతూ కనిపెట్టి ఉండండి. తిండి మానేసినా, నీళ్లు మింగలేకపోయినా, గొంతు మారినా, కారణం లేకుండా కనిపించినదల్లా కొరుకుతున్నా దగ్గరకు పోకుండా పశువైద్యునికి కబురు చేయండి. పది రోజులయ్యాక కూడా కుక్క నిక్షేపంగా ఉంటే ఆ మాట ఆసుపత్రిలో డాక్టరుకు చెప్పండి. మిగిలిన సూదులు వేయాలా వద్దా అన్నది ఆయన చెబుతారు.